మీ మూడు ఫిర్యాదు టికెట్ నంబర్లూ నా దగ్గరున్నాయి, జవాబే లేదు

కస్టమర్ సపోర్ట్ విభాగం అధిపతి గారికి,

విషయం: మా చిన్నప్పటి పాత గేమ్‌ను మీరు కొత్తగా చేసిన రీమేక్‌లో తెరుచుకోని సీన్ గురించి, అంతకంటే ముఖ్యంగా ఏడు వారాలుగా నాకు జవాబు చెప్పకపోవడం గురించి.

నమస్కారం.

ఈ ఉత్తరం మీ చాట్ విండోలో పట్టదు. అక్కడ కాస్త వివరంగా రాస్తే చాలు, సమస్యను క్లుప్తంగా చెప్పమని ఎర్ర అక్షరాల్లో వస్తుంది. ఏడు వారాలుగా క్లుప్తంగానే చెప్తున్నాను. ఎవరూ వినలేదు కాబట్టి ఈసారి మొత్తం రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

అసలు సమస్య రెండు ముక్కల్లో అయిపోతుంది. మీ గేమ్‌లో 84 ఉత్తరాలు దాచిపెట్టారు. అన్నీ దొరికితే చివర్లో లైట్‌హౌస్ తాత సీన్ తెరుచుకుంటుందని మెనూలో మీరే రాశారు. నాకు 84 దొరికాయి. అన్నీ ఏరినట్టు గుర్తుగా తెర మీద ఇచ్చే ట్రోఫీ కూడా పడింది. సీన్ మాత్రం తెరుచుకోలేదు. గ్యాలరీలో ఆ గడి మీద తాళం బొమ్మ ఇంకా అలాగే ఉంది. గేమ్ అన్నాక బగ్ ఉంటుంది. బగ్ ఒక్కటే అయితే దాన్ని సరిచేసే ప్యాచ్ వచ్చేదాకా ఆగేదాన్ని. నాకు కోపం వచ్చింది ఆ తరవాత జరిగినదానికి.

మొదట మీ చాట్‌బాట్ దగ్గరికి వెళ్ళాను. "ట్రోఫీ రాలేదా?" అని అడిగింది. వచ్చింది కాబట్టి "కాదు" నొక్కాను. సమస్య తీరినందుకు సంతోషం అని చెప్పి చాట్ మూసేసింది. మూడుసార్లు ఇదే జరిగింది. నాలుగోసారి ట్రోఫీ రాలేదని నొక్కితే అప్పుడు ఒక ఏజెంట్‌కు కలిపింది. అంటే మీ కంపెనీలో మనిషితో మాట్లాడాలంటే నేను ముందు అబద్ధం చెప్పాలి.

ఆ ఏజెంట్ మర్యాదగానే మాట్లాడారు. గేమ్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. అప్పటిదాకా ఆడింది దాచి ఉన్న సేవ్ పోతుందేమో అని రెండుసార్లు అడిగాను, పోదన్నారు. రాత్రంతా డౌన్‌లోడ్ అయింది. పొద్దున్నే లేచి చూస్తే తాళం అక్కడే ఉంది. మళ్ళీ చాట్‌కు వెళ్తే ఈసారి వేరే ఏజెంట్. నేను చెప్పిందంతా ఆ టికెట్‌లోనే ఉంది, పైకి జరిపి చదివితే చాలు. చదవలేదు. "మేడమ్, గేమ్ ఒకసారి తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి చూడండి" అన్నారు. నిన్న రాత్రే చేశానండీ అంటే, "ఏ కన్సోల్‌లో ఆడుతున్నారు?" అని అడిగారు. టికెట్ మొదటి వరుసలో ఉన్నదే అది. స్క్రీన్‌షాట్లు మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ అవే పంపాను. మూడోసారి పంపిన 11 నిమిషాలకు మెయిల్ వచ్చింది: 24 గంటల్లో మీ నుంచి స్పందన లేనందున టికెట్ మూసివేస్తున్నాం అని. నా మెయిల్ టైమూ మీ మెయిల్ టైమూ రెండూ నా దగ్గరున్నాయి.

రెండో టికెట్ మీద నన్ను మూడు టీముల చుట్టూ తిప్పారు. అకౌంట్ టీమ్ వాళ్ళు ఇది కంటెంట్ టీమ్ పని అన్నారు. కంటెంట్ టీమ్ వాళ్ళు తొమ్మిది రోజులు మాట్లాడలేదు. నేనే గుర్తుచేస్తే, గేమ్ తయారుచేసిన స్టూడియోకు రాయమన్నారు. స్టూడియోకు రాస్తే నిమిషంలో ఆటోమేటిక్ జవాబు వచ్చింది. ఆటగాళ్ళ సమస్యలకు పబ్లిషర్ సపోర్ట్‌ను, అంటే మిమ్మల్నే, సంప్రదించాలట, కింద లింక్ ఇచ్చారు. నొక్కితే మళ్ళీ అదే చాట్‌బాట్, మళ్ళీ అదే ప్రశ్న.

అప్పుడు ఫోన్ చేశాను. 52 నిమిషాలు లైన్‌లో పెట్టారు. ఆ 52 నిమిషాలూ మీరు వినిపించింది ఈ గేమ్ టైటిల్ పాట. మీకు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ, ఆ ట్యూన్ నాకు ఎలాంటిదో చెప్పాలి. పాత గేమ్‌లోనూ అదే ట్యూన్. మా ఇంట్లో ఆట దాచుకునే మెమరీ కార్డు కొనకముందు అన్నయ్యా నేనూ టీవీ కట్టేసి, కన్సోల్ మాత్రం ఆన్‌లోనే వదిలేసి పడుకునేవాళ్ళం. ఆపితే ఆడిందంతా పోతుంది మరి. అమ్మ స్విచ్ ఆపేస్తుందేమోనని అన్నయ్య దాని మీద కాగితం అంటించాడు. పొద్దున టీవీ పెట్టగానే ఆ ట్యూన్ వినిపిస్తే ఇద్దరికీ ఊపిరి వచ్చేది. నిరుడు మీ రీమేక్ ప్రకటనలో ఆ నాలుగు స్వరాలు వినే నేను ముందే బుక్ చేశాను. ఇప్పుడు అది వింటే, మధ్యలో వచ్చే "మీ కాల్ మాకు ముఖ్యం" అనే గొంతే గుర్తొస్తోంది. ఈ నష్టాన్ని ఏ ప్యాచ్‌తో సరిచేస్తారు?

చివరికి ఫోన్ ఎత్తిన ఏజెంట్ అన్న మాట వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను. అంతా విని ఆయన, "అది ఒక చిన్న వీడియోనే కదండీ, ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టే ఉంటారు, చూసేయండి" అన్నారు.

పెట్టారు, నాకు తెలుసు. ఎన్నో ఏళ్ళ నుంచి ఉంది. నేను చూడలేదు. కావాలనే చూడలేదు. పాత గేమ్‌లో మాకు 61 ఉత్తరాలు దొరికాక మెమరీ కార్డు పాడైంది. సేవ్‌లు పెట్టుకోవడానికి 15 బ్లాకులే, అంటే 15 గడులే, ఉన్న కార్డు అది. ఏ సేవ్ ఉంచాలి, ఏది తీసేయాలి అని కొట్టుకుని కొట్టుకుని, అన్నీ చెరిపేసి ఈ ఒక్క గేమ్ సేవే ఉంచుకున్నాం, అదే పోయింది. ఎప్పటికైనా మనమే ఆడి చూద్దాం, ఎవరో ఆడింది చూడొద్దు అని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. అన్నయ్య ఇప్పుడు దూరంగా ఉంటాడు. 84వ ఉత్తరం తీసిన రాత్రి వీడియో కాల్‌లో ఫోన్‌ను టీవీకి ఎదురుగా నిలబెట్టాను. ట్రోఫీ పడ్డ శబ్దం వినిపించి అవతల చప్పట్లు కొట్టాడు. ఆ తరవాత ఇద్దరం తాళం బొమ్మ చూస్తూ కూర్చున్నాం.

మీ గేమ్ కథ మీ ఏజెంట్లకు తెలియకపోవచ్చు, మీకైనా తెలిసి ఉండాలి. ఆ తాత ప్రతి ఊళ్ళోనూ ఎదురై ఒకటే మాట అడుగుతాడు, ఉత్తరాలేమైనా దొరికాయా అని. ఎందుకో చెప్పడు. మిగతా పాత్రలన్నీ తమ కథ గడగడా చెప్పేస్తాయి, అతనొక్కడే చెప్పడు. చివరి బాస్‌ను ఓడించినా చెప్పడు. అదే ఈ కథలో గొప్ప పని. ఈ రోజుల్లో చాలా గేమ్స్ ప్రతిదీ మూడుసార్లు విప్పి చెప్తాయి, పక్కన నడిచే పాత్ర పజిల్ జవాబు కూడా అరిచి చెప్తుంది. మీ పాత రచయితలు అలా చేయలేదు. ఆటగాడు వెతికి తెలుసుకుంటాడని నమ్మారు. ఆ నమ్మకంతోనే నేను కొండలెక్కి, బావుల్లోకి దిగి, 84 ఉత్తరాలు ఏరాను. కాబట్టి ఆ సీన్ అదనంగా ఇచ్చే వీడియో కాదు. కథ ముగింపే అది. ఆఖరి పేజీ చింపి పుస్తకం అమ్మితే దాన్ని చిన్న కాగితమే కదా అంటారా?

బహుమతి అంటే ఏమిటో గేమ్స్ చేసేవాళ్ళకు ఒకప్పుడు బాగా తెలుసు. 1997లో వచ్చిన గోల్డెన్‌ఐ 007 అనే షూటింగ్ గేమ్‌లో ఫెసిలిటీ లెవెల్‌ను అన్నిటికన్నా కష్టమైన స్థాయిలో 2 నిమిషాల 5 సెకన్లలో ముగిస్తే, దెబ్బ తగలకుండా ఆడే చీట్ తెరుచుకునేది. దానికోసం ఎన్ని సాయంత్రాలు పోయినా బాధ ఉండేది కాదు, ఎందుకంటే దొరికేది గేమ్ లోపలి వస్తువు, దానితో మళ్ళీ ఆడుకోవచ్చు. 2005లో ఎక్స్‌బాక్స్ 360తో అచీవ్‌మెంట్లు వచ్చాయి, 2008లో ప్లేస్టేషన్ 3కి ట్రోఫీలు వచ్చాయి. అవి కూడా నాకిష్టమే, నా దగ్గర 19 ప్లాటినంలు, అంటే ఒక గేమ్‌లో మిగతా ట్రోఫీలన్నీ సాధిస్తే వచ్చే ట్రోఫీలు, ఉన్నాయి. కానీ ట్రోఫీ అనేది నేను చేశానని చెప్పే రసీదు. మీరు రసీదు ఇచ్చి సరుకు ఇవ్వలేదు. రోజూ లాగిన్ అయితే ఇచ్చే నాణేలు బహుమతే కాదు, హాజరు పట్టీ.

అందుకే ఆరో వారంలో మూడో టికెట్ మీద మీరు పంపిన మీ స్టోర్‌లో వాడుకునే 500 నాణేలూ, హీరోకు ఒక టోపీ చూసి ఒళ్ళు మండింది. నేను టోపీ అడిగానా? "మీ సహనానికి ధన్యవాదాలు" అని రాసి, సమస్య పరిష్కరించబడింది అని మీ అంతట మీరే గుర్తు పెట్టుకుని టికెట్ మూసేశారు. వెంటనే సర్వే పంపారు, ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారని. ఆ నాణేలు నేను ముట్టుకోలేదు. వెనక్కి తీసుకోండి.

1980ల మొదట్లో అటారీ 2600 అనే కన్సోల్‌కు గేమ్స్ చేసిన యాక్టివిజన్ సంస్థ ఆటగాళ్ళకు ఒక మాట ఇచ్చింది. చెప్పిన స్కోరు దాటితే టీవీ తెరను ఫోటో తీసి పోస్టులో పంపండి, మేం బట్ట మీద కుట్టిన బ్యాడ్జీ పంపుతాం అని. 1982లో వచ్చిన పిట్‌ఫాల్ అనే గేమ్‌కు 20,000 పాయింట్లు కావాలి. పిల్లలు ఫోటోలు పంపారు, కంపెనీ బ్యాడ్జీలు పంపింది, వాటితో పాటు ఉత్తరమూ పంపింది. కవర్ చింపి, ఫోటో చూసి, స్కోరు చదివి, జవాబు వేసే మనిషి ఒకరు ఆ ఆఫీసులో ఉండేవారు. నేను కూడా మీకు టీవీ తెర ఫోటోలే పంపాను, మూడుసార్లు.

1998లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ అనే గేమ్‌లో సైకో మాంటిస్ అనే బాస్ మన మెమరీ కార్డు చదివేవాడు. అందులో అదే కంపెనీ వేరే గేమ్స్ సేవ్‌లు ఉంటే మనకు ఏవి ఇష్టమో చెప్పేవాడు. అన్నయ్య భయపడి కంట్రోలర్ కింద పెట్టేశాడు. 128 కిలోబైట్ల కార్డు చూసి ఒక గేమ్ తన ఆటగాణ్ణి గుర్తుపట్టింది. మీ దగ్గర నా అకౌంట్, నేను కొన్న మీ గేమ్స్ పదకొండూ, ఆడిన గంటలూ అన్నీ ఉన్నాయి. అయినా ప్రతి ఏజెంట్ నన్ను కొత్త మనిషిలాగే పలకరించారు. మీరు నష్టాల్లో ఉన్నారని వార్తలు వచ్చినప్పుడు కూడా నేను మీ గేమ్స్ కొన్నాను. నా మాట మీద ముగ్గురు స్నేహితులు ఈ రీమేక్ కొన్నారు. ఇప్పుడు వాళ్ళు సీన్ వచ్చిందా అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. పాత డిస్క్‌లో ఉన్నదంతా డిస్క్‌లోనే ఉండేది. ఇప్పుడు సరిచేయడం మీ సర్వర్ చేతిలో ఉంది. నింటెండో 3డీఎస్, వీ యూ కన్సోల్‌ల ఆన్‌లైన్ స్టోర్లలో 2023 మార్చి 27 తరవాత కొత్తగా కొనడానికి లేకుండా పోయింది. అంత పెద్ద కంపెనీ స్టోరే మూతపడినప్పుడు, మీరు ఈ గేమ్‌కు ప్యాచ్‌లు ఆపేసే రోజు ఎంత దూరంలో ఉంటుంది? ఆ రోజుకు కూడా తాళం అలాగే ఉంటే, చిన్నప్పుడు మెమరీ కార్డు పాడైనప్పుడు పోగొట్టుకున్నదే మళ్ళీ పోగొట్టుకుంటాం. ఈసారి మా తప్పు కూడా ఉండదు.

కాబట్టి ఇకమీదట నేను చేయబోయేది చెప్తున్నాను. వచ్చే గేమ్‌కు నేను కట్టిన ముందస్తు బుకింగ్ రద్దు చేస్తున్నాను. ఈ నెలాఖరులోపు జవాబు రాకపోతే మూడు టికెట్ల సంభాషణలూ, టైముతో సహా, ఏజెంట్ల పేర్లు మాత్రం తీసేసి, అందరికీ కనిపించేలా పెడతాను. పేర్లు ఎందుకు తీసేస్తానంటే, తప్పు వాళ్ళది అనుకోవడం లేదు, ముందున్న మాటలు చదివే టైము మీరే వాళ్ళకు ఇవ్వడం లేదు అనుకుంటున్నాను. వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. ప్రకటించిన సీన్ లేని గేమ్ అమ్మారని రాయడానికి నా దగ్గర కావలసినన్ని కాగితాలు ఉన్నాయి. ఇవన్నీ చేయాలని నాకు లేదు. ఆ సీన్ నా సేవ్‌లో తెరుచుకునేలా చేయండి, లేదా ఏ తేదీకి చేస్తారో రాతపూర్వకంగా చెప్పండి, అప్పుడు ఆగుతాను. డబ్బు వెనక్కి ఇస్తామంటే వద్దు. నాణేలు వద్దు.

ఈ ఉత్తరానికి నాలుగో టికెట్ నంబర్ వేయొద్దు. దీన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి ఎవరో, ఆ మనిషి తన పేరు పెట్టి జవాబు రాయాలి. గేమ్ నేను తీసేయలేదు. సేవ్ ఫైల్ 84 దగ్గరే ఉంది, లైట్‌హౌస్ మెట్ల మీద. ఆదివారం రాత్రుళ్ళు అన్నయ్య కాల్ చేసినప్పుడు ఇద్దరం ఒకసారి తెరిచి చూస్తున్నాం.

ఇట్లు,
మీ మూడు టికెట్లలోనూ ఉన్న పేరు గల
మీ పాత ఆటగత్తె