మూడో మెట్టు మీది తగాదా

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటినా జవాబు రాయలేకపోయాను, మన్నించు. నాన్నగారి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చెల్లి ఉద్యోగంలో చేరింది, మిగతా కబుర్లు మరోసారి రాస్తాను. ఇప్పుడు నీకు చెప్పితీరవలసింది మన టీవీ సీరియల్ కార్తీకదీపం సంగతి. అమీర్‌పేటలో రాత్రి ఏడున్నర కాగానే పొయ్యి ఆపేసి, కింది ఇంటివారి గుమ్మం ఎదుట మన మూడో మెట్టు మీద కూర్చుని, నువ్వు డాక్టర్ బాబు కార్తీక్ వైపు, నేను అతని భార్య వంటలక్క దీప వైపు వాదించుకున్నామే, ఆ తగాదాను మొన్న ఆదివారం మా అమ్మ ఒక్క మాటతో మళ్ళీ రాజేసింది.

ఫోనులో పాత ఎపిసోడ్లు చూస్తూ, కార్తీక్ కన్నీళ్ళు పెట్టుకునే చోట ఆపి, "ఇతను మారలేదురా, ఇతనికి రుజువు దొరికింది, అంతే" అంది. 2017 నుంచి అతని కోసం దిగులుపడిన మనిషి నోట ఆ మాట వినేసరికి నాకు నోరు పెగలలేదు. పుట్టింట్లోనే రంగు గురించి మాటలు పడిన దీపను కోరి పెళ్ళి చేసుకున్నవాడు కార్తీక్. అందరి కళ్ళకూ కనబడే నలుపును లెక్కచేయని ఆ మనిషే, తనకు పిల్లలు పుట్టరని, అతన్ని కోరుకున్న డాక్టర్ మోనిత నమ్మించగానే, గర్భవతి అయిన భార్యలో లేని మచ్చను వెతికాడు. తన కూతురని తెలియకుండానే హిమను ప్రాణంగా పెంచుకున్నాడు గాని, మరో కూతురు శౌర్యతో ఒంటరిగా బతుకుతున్న దీప మాట మాత్రం ఏళ్ళ తరబడి నమ్మలేదు. నిజం బయటపడ్డాక అతను కుమిలిపోయిన మాట వాస్తవమే, అయితే నమ్మకమంటే రుజువుకు ముందు ఉండవలసినది కదా! ఇది రాస్తుంటే నాకు మళ్ళీ కోపం వస్తోంది.

అయినా అమ్మతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను, అంటే ఈసారి నీ పక్షాన నిలబడుతున్నాను. తన కడుపులోని బిడ్డకు తండ్రి కార్తీకేనని మోనిత చెప్పినప్పుడు, ఒకప్పుడు దీప నిలబడిన బోనులో అతను నిలబడవలసి వచ్చింది. తప్పు చేయలేదని చెప్పినా చాలని స్థితి ఎలా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. అతనిలోని మార్పు అక్కడ మొదలైందని నా నమ్మకం. కార్తీక్‌గా వేసిన నిరుపమ్ పరిటాల ఆ రోజుల్లో గొంతు తగ్గించి మాట్లాడిన తీరు గమనించావా? మొదట్లో ఆజ్ఞాపించిన గొంతు అది.

దీప మారిన తీరు వేరు. మొదట్లో భర్త నమ్మితే చాలనుకున్న మనిషి, పదిమందికి వండిపెట్టి కూతురిని పెంచుకుంటూ, అతను నమ్మకపోయినా తలెత్తుకుని బతకడం నేర్చుకుంది. ప్రేమ తగ్గలేదు, ప్రాధేయపడటం తగ్గింది. ఈ సీరియల్‌కు మలయాళ మూలమైన కరుత్తముత్తులోనూ మొదట ఈ పాత్రను మన దీపగా వేసిన ప్రేమి విశ్వనాథే ధరించింది, ఆ చూపులో అంత బరువుండటానికి అదీ ఒక కారణం కావచ్చు. 2022లో ప్రమాదం పెట్టి ఇద్దరినీ కథలోంచి తప్పించినప్పుడు నాకు కలిగిన బాధ నీకు తెలుసు. తిరిగి తెచ్చి 2023 జనవరిలో ముగించారు గాని, వారిద్దరూ తీరిగ్గా కూర్చుని ఆ పోయిన సంవత్సరాల గురించి మాట్లాడుకునే రోజు కోసం నేను ఎదురుచూస్తూనే ఉండిపోయాను. 2024 మార్చిలో అదే జంటతో రెండో భాగం మొదలైంది, అయితే అది వేరే కథ, ఈ బాకీ అక్కడ తీరేది కాదు.

సౌందర్యగారి గురించి రాయనే లేదు. నలుపంటే గిట్టని ఆ అత్తగారు కొడుకు కంటే ముందే కోడలి పక్షాన చేరింది, అది ఎందుకంటే... పోస్టాఫీసు మూసే వేళైంది, చెల్లి బండి తీసి గుమ్మంలో నిలబడి ఉంది. నీ వాదన వెంటనే రాయి.

నీ
పై గది మిత్రుడు