పుల్లలకూ ఓ మర్యాద

సంపాదకులకు,

బెంగళూరు కంపెనీల నుంచి జపాన్ వెళ్లే మనవాళ్లకు వీసా, టికెట్టు చేతికిస్తారు. భోజనం బల్ల దగ్గరి సంగతులు మాత్రం ఎవరూ చెప్పరు. అన్నంలో చాప్‌స్టిక్స్ (తినే పుల్లలు) నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. పుల్లల నుంచి పుల్లలకు ముక్క అందించడమూ తప్పే; దహనం తర్వాత అస్థికలను అలాగే అందుకుంటారు. పిండం పెట్టే మనకు ఇది వేరే చెప్పాలా! అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టిన సుషీని చేప వైపు నుంచి సోయా సాస్‌లో అద్దాలి. అన్నం వైపు ముంచితే సాస్ పీల్చుకుని విడిపోతుంది. విజిటింగ్ కార్డును రెండు చేతులతో అందుకుని, చదివి, మీటింగ్ అయ్యేదాకా బల్ల మీదే ఉంచాలి. వెనక జేబులో దోపారో, పరువు పోయినట్టే.

ఇక విదేశాలకు స్వచ్ఛంద సేవకు వెళ్లేవారు మరీ జాగ్రత్త. జీతం లేదు కదా అని టూరిస్టు వీసా అన్నిచోట్లా చెల్లదు. బ్రిటన్ విజిటర్ వీసా మీద, అదీ నమోదైన ఛారిటీలోనే, 30 రోజులకు మించి సేవ కుదరదు.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు