12 చూసి మోసపోకురా

ఒరేయ్ బక్కోడా,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఎన్ని తిట్టుకున్నావో ఊహించగలను, క్షమించరా. ఇంట్లో అందరూ కులాసా, డ్యూటీలు మామూలే, వార్డు పెద్దాయన చూపుడువేలు ఇంకా అలాగే ఊగుతోంది. కబుర్లు ఇంతే. నీ ఉత్తరం చివర ఏదో గుర్తొచ్చినట్టు ఒక ముక్క రాశావే, "ఫెనిటోయిన్ లెవెల్ 12, నార్మలే, మరి పేషెంటు ఎందుకు తూలుతున్నాడో?" అని, అది చదివాక ఇక ఆగలేకపోయాను.

12 నార్మలని ఎవడు చెప్పాడురా? ల్యాబ్ కాగితమేగా! రక్తంలో ఈ ఫిట్స్ మందుకి 10 నుంచి 20 అన్న హద్దు, ఆల్బుమిన్ అనే రక్తపు ప్రోటీన్ సరిగ్గా ఉన్నవాళ్లకి. రక్తంలోని ఫెనిటోయిన్‌లో నూటికి 90 వంతులు ఆల్బుమిన్‌కి అంటుకుని ఉంటాయి. ఫిట్స్ ఆపేదీ, మనిషిని తూలించేదీ విడిగా తిరిగే ఆ మిగతా 10 వంతులే. మామూలుగా చేసే పరీక్ష రెండూ కలిపి ఒకే అంకె ఇస్తుంది. నీ పేషెంటు ఆల్బుమిన్ 2 అని నువ్వే రాశావు, పైపేజీలో, వేరే సందర్భంలో! రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

ఇప్పుడు లెక్క చెయ్యి. ఆల్బుమిన్‌ని 0.2తో గుణించు, 0.1 కలుపు, వచ్చినదానితో లెవెల్‌ని భాగించు. 2 ఇంటూ 0.2 అంటే 0.4, 0.1 కలిపితే 0.5. 12ని 0.5తో భాగిస్తే 24. అదీ అసలు కథ. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకైతే 0.2 బదులు 0.1 వాడాలి, అప్పుడు అదే 12 కాస్తా 40 అవుతుంది. ఈ సూత్రాన్ని కూడా మరీ నమ్మకు, ఐసీయూలో తరచూ తప్పుతుంది. ఫ్రీ లెవెల్, అంటే విడి మందు ఒక్కటే కొలిచే పరీక్ష, చేసే ల్యాబ్ ఉంటే అదే అడుగు, 1 నుంచి 2 మధ్య ఉండాలి. పక్కనే వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందు నడుస్తుంటే ఈ లెక్క అసలు పనికిరాదు. అది ఫెనిటోయిన్‌ని ఆల్బుమిన్ నుంచి తోసేస్తుంది, లివరులో కరగనివ్వదు కూడా. మొత్తం లెవెల్ తగ్గినట్టు కనబడుతూ విడి మందు పెరుగుతుంది.

అంకె కంటే ముందు మంచం దగ్గర చూడాల్సింది కళ్లు. మందు ఎక్కువైతే, పక్కకి చూడమన్నప్పుడు గుడ్లు అదురుతాయి. తర్వాత తూలడం, మాట ముద్దవడం, ఇంకా పెరిగితే మగత, గందరగోళం. మరీ ఎక్కువైతే ఫిట్సే రావచ్చు. అప్పుడు "మందు చాల్లేదు" అని ఇంకో డోసు ఎక్కిస్తారు చూడు, నాకు ఒళ్లు మండేది అక్కడే! రిపోర్టులో 7 కనబడగానే, ఫిట్స్ లేకపోయినా, 10కి తెద్దామని డోసు పెంచేవాళ్లూ ఉన్నారు. ఈ మందుకి లివరు సామర్థ్యం మధ్యలోనే నిండిపోతుంది. నిండిన గ్లాసులో నీళ్లు పోస్తే ఎలాగో, రోజు డోసు 300 నుంచి 400 మిల్లీగ్రాములకి పెంచితే లెవెల్ మూడోవంతు కాదు, రెట్టింపుకి పైగా కూడా పెరగొచ్చు. లెవెల్ హద్దుల్లోకి వచ్చాక 30, 50 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ అడుగు వేయకు.

సీసా సంగతి కూడా అడగాలి. సస్పెన్షన్ బాగా కదపకుండా పోస్తే పైన పలచన, అడుగున చిక్కన. మొదటి వారం ఫిట్స్, చివరి వారం తూలుడు! ముక్కు ట్యూబులో ఫీడ్ నడుస్తుంటే మందు సరిగా ఒంటబట్టదు, డోసుకి ముందూ వెనకా గంట, రెండు గంటలు ఫీడ్ ఆపాలి. ఫీడ్ మానేసిన రోజు డోసు తగ్గించకపోతే? అదే, లెవెల్ ఎగబాకుతుంది.

నరం ద్వారా ఇచ్చేటప్పుడు నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటకూడదు, ముసలివాళ్లకీ గుండె జబ్బువాళ్లకీ అందులో సగం. 60 కిలోల మనిషికి కిలోకి 20 చొప్పున 1200, అంటే తొందరపడ్డా 24 నిమిషాలు. మానిటర్ పెట్టకుండా మొదలెట్టకు. బీపీ పడిపోతే, గుండె లయ తప్పితే ముందు డ్రిప్ ఆపు. నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్‌లో పడితే గడ్డలు కడుతుంది. చేతి వెనక సన్న నరం వద్దు, మందు బయటికి కారితే చెయ్యి ఊదారంగు తిరిగి వాచిపోతుంది.

అన్నట్టు, వాల్‌ప్రోయేట్ మీదున్నవాడికి మెరోపెనెమ్ రాస్తుంటే అడ్డుపడు. ఒక్కరోజులోనే వాల్‌ప్రోయేట్ లెవెల్ కూలుతుంది, డోసు పెంచినా లేవదు. యాంటీబయాటిక్ మార్చాలి, కుదరకపోతే ఫిట్స్‌కి ఇంకో మందు జోడించాలి. అదే వాల్‌ప్రోయేట్ వాడేవాడు ఊరికే మత్తుగా పడి ఉంటే, లివరు రిపోర్టు బాగుందని వదిలెయ్యకు, అమ్మోనియా చూడు.

కార్బమజెపిన్ అనే మరో ఫిట్స్ మందుతో సోడియం పడిపోవడం గురించి రాద్దామనుకున్నా, ఇంతలో రౌండ్స్‌కి పిలుస్తున్నారు, చూపుడువేలు బయల్దేరింది. నీ పేషెంటు ఈ రాత్రి డోసు ఆపి, పైవాళ్లకి 24 అని చెప్పు, 12 అని కాదు. వెళ్తున్నా.

నీ గుండు