పాలుకు ఇచ్చిన గొర్రెకు కాగితం ఉండదు

సంపాదకులకు నమస్కారం.

మా ఊళ్లో చేతిలో పైసా లేని ఒకామె రెండు గొర్రెలను పాలుకు, అంటే వాటాకు పెంచడానికి, తీసుకుంది. పుట్టిన పిల్లల్లో సగం ఆమెవి. రాతకోతలు లేవు, మాటే పూచీ. ఇప్పుడు ఆమెకు సొంత మంద ఉంది. పోయినేడు గొర్రెపిల్లలకు పారుడు రోగం పట్టుకుంటే పక్క మంద కాపరి రాత్రికి రాత్రే వచ్చి, జబ్బువాటిని విడిగా కట్టించి, తెల్లారేసరికి డాక్టరును తీసుకొచ్చాడు. ఆమె టెన్షన్ సగం అక్కడే తీరింది.

బ్యాంకులో మాత్రం ఈ మాటకు విలువ లేదు. 2018-19 బడ్జెట్‌లోనే, రైతులకు అప్పిచ్చే కిసాన్ క్రెడిట్ కార్డును పశుపోషకులకూ ఇస్తామన్నారు. మేం వెళ్తే పట్టాదారు పాసుపుస్తకం ఏదంటారు. భూమి లేనివాళ్లకు అదెక్కడిది? ఊరి గొర్రెల పెంపకందారుల సహకార సంఘం ఇచ్చే హామీని బ్యాంకులు లెక్కలోకి తీసుకోవాలి. ఎవరి మందలో ఎన్ని తలలున్నాయో, ఎవరు బాకీ ఉంచుకోరో సంఘానికి బాగా తెలుసు.

– ఒక గొర్రెల పెంపకందారు, నల్లగొండ జిల్లా