పాడినవాళ్ల పేరు ఎవరికి కావాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

నార్తర్న్ సోల్ క్లబ్బుల గురించి, అంటే 1960ల నాటి అమెరికా నల్లజాతివాళ్ల 'సోల్' పాటలకి రాత్రంతా డాన్స్ చేసే ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బుల గురించి, మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఇక్కడ బోల్టన్‌లో ఆన్‌లైన్‌లో చదివాను. తెలుగు పత్రికలో ఈ సంగతి రావడమే విశేషం, అందుకు ముందుగా థాంక్స్. కాకపోతే వ్యాసం సారాంశమంతా ఒక్క ముక్కే: ఉత్తర ఇంగ్లండ్‌లో వయసు మళ్లినవాళ్లు యాభై ఏళ్లుగా కాపాడుకుంటున్న సంగీతాన్ని, ఫోన్లు పట్టుకొచ్చిన కుర్రకారు పాడుచేస్తున్నారట. నేను ఇక్కడ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను. డ్యూటీ లేని శనివారం రాత్రి సోల్ నైట్‌కి వెళ్తాను. మా వారు కారులో దింపి, ఇంటికెళ్లి హాయిగా పడుకుంటారు. ఈ గొడవ లోపలి నుంచి చూస్తున్నదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది.

మొదట ఒక సవరణ. 'టెయింటెడ్ లవ్' అనేది సాఫ్ట్ సెల్ అనే ఇంగ్లిష్ బృందం పాట అని రాశారు. సాఫ్ట్ సెల్ పాడింది 1981లో. అంతకు చాలా ముందే గ్లోరియా జోన్స్ పాడింది. 1965లో వచ్చిన ఆమె రికార్డుకి అది రెండో వైపు పాట, అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు. 1970ల్లో రిచర్డ్ సెర్లింగ్ అనే డీజే ఆ రికార్డుని అమెరికాలో కొని తెచ్చి ఇక్కడి క్లబ్బుల్లో వాయించాడు. సాఫ్ట్ సెల్‌లో ఒకడైన డేవ్ బాల్ బ్లాక్‌పూల్‌లో నార్తర్న్ సోల్ వింటూ పెరిగినవాడు. పాట వాళ్ల దాకా వచ్చిన దారి అది.

ఇంత పట్టింపు ఎందుకని మీకు అనిపించవచ్చు. నేను వివిధభారతి వింటూ పెరిగాను. సినిమా పేరు, రాసినవారు, పాడినవారు, సంగీతం కూర్చినవారు, ఇవన్నీ చెప్పాకే అక్కడ పాట మొదలయ్యేది. చిన్నప్పుడు విసుగొచ్చేది కానీ అలవాటు వదల్లేదు. పాట నచ్చితే ఎవరు పాడారో తెలియాలి నాకు. ఈ క్లబ్బుల్లో గొడవలన్నిటినీ నేను ఆ వైపు నుంచే చూస్తాను.

గొడవలు ఇప్పుడు మొదలైనవి కావు. ఇక్కడ మోగే పాటల్లో ఎక్కువ భాగం 1960ల్లో డెట్రాయిట్, షికాగో, లాస్ ఏంజిలిస్ లాంటి ఊళ్లలో నల్లజాతివాళ్లు పాడినవి. చిన్న చిన్న కంపెనీలు, డెట్రాయిట్‌లోని పెద్ద రికార్డు కంపెనీ మోటౌన్ పద్ధతిలో చేసి, అమ్ముడుపోక గోదాముల్లో వదిలేసిన రికార్డులు. 1971 మొదట్లో మూతపడిన మాంచెస్టర్ ట్విస్టెడ్ వీల్ క్లబ్బు రోజుల నుంచీ, అమెరికా మర్చిపోయిన ఈ పాటల్ని ఉత్తర ఇంగ్లండ్ కుర్రాళ్లు తెచ్చుకుని రాత్రంతా డాన్స్ చేసేవాళ్లు. ఆ తర్వాత 1973 సెప్టెంబరులో విగన్ ఊళ్లో విగన్ కసీనో తెరిచింది. పేరుకే కసీనో, అది డాన్స్ హాలు. శనివారం అర్ధరాత్రి దాటాక రెండింటికి మొదలై ఆదివారం పొద్దున ఎనిమిది దాకా డాన్స్. మందు అమ్మేవాళ్లు కాదు. మీ వ్యాసంలో దీన్ని స్వర్ణయుగంగా వర్ణించారు. నిజమే, కానీ ఆ యుగమంతా వీళ్లు కొట్టుకుంటూనే ఉన్నారు!

బ్లాక్‌పూల్‌లో మెక్కా అనే డాన్స్ క్లబ్బులో హైలాండ్ రూమ్ అనే హాలు ఉండేది. అక్కడ డీజేలు ఇయాన్ లెవీన్, కాలిన్ కర్టిస్. 1970ల నడిమికి వచ్చేసరికి పాత స్టాంపర్లు, అంటే కాళ్లు దడదడలాడించే ఫాస్ట్ బీట్ పాటలు, వాళ్లకి మొహం మొత్తాయి. అప్పుడే అమెరికాలో విడుదలవుతున్న కొత్త సోల్ పాటలు వాయించడం మొదలుపెట్టారు. కార్‌స్టేర్స్ బృందం పాడిన 'ఇట్ రియల్లీ హర్ట్స్ మీ గర్ల్' వాటిలో పేరుమోసింది. విగన్ వాళ్లకి మండిపోయింది. "లెవీన్ పోవాలి" అని బ్యానర్లు కట్టేదాకా వెళ్లింది. విచిత్రం ఏమిటంటే, అప్పుడు ద్రోహమన్న ఆ పాటలే ఇప్పుడు మా సోల్ నైట్‌లో మోగితే, అరవై దాటిన పెద్దమనుషులు కళ్లు మూసుకుని తన్మయత్వంతో ఊగుతారు. వాళ్లలో ఆ రోజుల్లో బ్యానర్ పట్టినవాళ్లు ఎందరో అడగాలనిపిస్తుంది గానీ, నాకు అంత ధైర్యం లేదు.

సరే, విగన్ వాళ్లయినా స్వచ్ఛంగా ఉన్నారా? 1975లో 'ఫుట్సీ' అనే పాట బ్రిటన్ హిట్ పాటల పట్టికలో తొమ్మిదో స్థానానికి చేరింది. రికార్డు మీద బృందం పేరు 'విగన్స్ చోజెన్ ఫ్యూ'. వాయించింది చోజెన్ ఫ్యూ అనే కెనడా బృందం, విగన్‌తో వాళ్లకి ఏ సంబంధమూ లేదు. పాత రికార్డుకి స్పీడ్ పెంచి, జనం కేకలు కలిపి, ముందు ఊరి పేరు అంటించి అమ్మారు. అదే సంవత్సరం 'విగన్స్ ఓవేషన్' అనే స్థానిక బృందం 'స్కీయింగ్ ఇన్ ద స్నో' పాడి హిట్ కొట్టింది. దాన్ని మొదట పాడింది అమెరికాలో ఇన్విటేషన్స్ అనే బృందం. టీవీ సీరియల్ మ్యూజిక్ కూడా కసీనోలో మోగింది, జో 90 అనే పిల్లల బొమ్మల సీరియల్‌ది! నిష్ఠగలవాళ్లు తలలు పట్టుకున్నారు. 1981 డిసెంబరులో కసీనో మూతపడ్డాక, స్టాఫర్డ్‌లో టాప్ ఆఫ్ ద వరల్డ్ అనే చోట మళ్లీ ఇంకో వర్గం తయారైంది. వాళ్లది వేరే పంతం: 1960ల పాటలే కావాలి, కానీ ఎవరూ విననివి కావాలి, నెమ్మదిగా ఉన్నా ఫరవాలేదు. అరిగిపోయిన పాటలకే గంతులేసే వర్గం వాళ్లని చూసి, ఇదేం డాన్సండీ అంది. ఆ వాదన మాత్రం నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. నెమ్మది పాటకి డాన్స్ చేయడమే కష్టం, అడుగు తప్పితే అందరికీ తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ వ్యాసం వదిలేసిన గొడవకి వస్తాను. ఇక్కడ దాన్ని ఓవీఓ అంటారు. ఒరిజినల్ వినైల్ ఓన్లీ. వినైల్ అంటే పాత గ్రామఫోన్ తరహా ప్లాస్టిక్ రికార్డు. డీజే వాయించేది ఆనాటి అసలు రికార్డు అయి తీరాలి. సీడీ కూడదు, లాప్‌టాప్ అసలే కూడదు, తర్వాత మళ్లీ కొట్టిన రికార్డు కూడదు. పోస్టర్ మీదే రాసేస్తారు.

దీని వెనక న్యాయమైన కారణం ఉంది. 1970ల్లో అరుదైన రికార్డు ఒకటి హిట్ అయిందంటే కొన్నాళ్లకే దొంగ కాపీలు దిగేవి. సౌండ్ నాసిరకం, పాడినవాళ్లకి పెన్నీ కూడా దక్కదు. దీనికి విరుగుడుగా డీజేలు కవర్-అప్ చేసేవాళ్లు. లేబుల్ మీద తెల్ల కాగితం అంటించి, పాటకో దొంగ పేరు, గాయకుడికో దొంగ పేరు పెట్టి వాయించడం. ఎదుటి డీజేకి, బూట్‌లెగ్ వాడికి (దొంగ కాపీలు కొట్టేవాడికి) ఆచూకీ దొరక్కూడదని. ఫ్రాంక్ విల్సన్ పాడిన 'డూ ఐ లవ్ యూ' ఈ లోకంలో అందరికంటే ప్రసిద్ధి. ఆ పాటని కసీనోలో ఎడ్డీ ఫాస్టర్ పాటగా పరిచయం చేశారు. అసలు పాడినవాడు అప్పటికి బతికే ఉన్నాడు. మోటౌన్‌లో ఫోర్ టాప్స్, సుప్రీమ్స్ లాంటి పేరున్న బృందాలకి పాటలు తయారుచేసిన ప్రొడ్యూసర్ ఆయన. సముద్రానికి ఇవతల వేల మంది తన గొంతుకి డాన్స్ చేస్తుంటే, చప్పట్లు ఎడ్డీ ఫాస్టర్‌కి వెళ్లాయి.

1965లో తీసిన ఆ రికార్డుని మోటౌన్ అప్పట్లో మార్కెట్లోకి వదల్లేదు. ప్రతులు దాదాపు అన్నీ పోగా, చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. 2009లో ఒక కాపీ వేలంలో 25,742 పౌండ్లకి పోయింది. అప్పటికీ విల్సన్ ఉన్నారు, 2012లో చనిపోయారు. పాత రికార్డు ఎంతకి చేతులు మారినా అమ్మినవాడి జేబే నిండుతుంది. పాడినవాడికి అందులో వాటా ఉండదు.

ఓవీఓ వాళ్లతో నా తగాదా ఇక్కడే. బూట్‌లెగ్ కొంటే కళాకారుడి పొట్ట కొట్టినట్టే అంటారు, ఒప్పుకుంటాను. మరి అసలు రికార్డు మీరు వందల పౌండ్లు పోసి ఇంకో కలెక్టర్ దగ్గర కొంటే ఆ కళాకారుడికి ఏం ముట్టింది? అదీ సున్నాయే. డబ్బు చేరేది మూడో దారిలో. హక్కులు ఎవరివో వెతికి, లైసెన్సు తీసుకుని, పద్ధతిగా మళ్లీ విడుదల చేసే దారి. లండన్‌లో కెంట్ అనే రికార్డు కంపెనీ 1982 నుంచి ఈ పనే చేస్తోంది. పాడినవాళ్ల వివరాలు, రికార్డింగ్ కథ కూడా లోపల అచ్చువేస్తారు. అలా వెతుకుతూ పోతే కొందరు గాయకులు దొరికారు, ఇక్కడికొచ్చి మళ్లీ స్టేజీ ఎక్కారు. ఇలాంటి రికార్డుని కూడా ఓవీఓ రూలు దొంగ కాపీతో కలిపి గుమ్మం బయటే నిలబెడుతుంది. కళాకారుడి పేరు చెప్పి పెట్టిన రూలు, కళాకారుడికి నాలుగు డబ్బులు చేర్చే ఒకే ఒక్క రికార్డుని వద్దంటోంది. ఇదేం న్యాయమో!

నేను వెళ్లే ఒక సోల్ నైట్‌లో (పేరు అనవసరం) కొన్నాళ్ల కిందట ఒక అమ్మాయి డీజేగా వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో. మంచి పాటలు ఎంచుకుంది, ఫ్లోర్ నిండింది. ఒక పాట మధ్యలో ఒకాయన ఫోన్ టార్చి వేసి, తిరుగుతున్న రికార్డు మీద లేబుల్ చదివే ప్రయత్నం చేశాడు. తర్వాత నిర్వాహకుడి చెవిలో ఏదో చెప్పాడు. ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, రీఇష్యూలు, అంటే మళ్లీ విడుదలైన రికార్డులు, ఇక్కడ కుదరవన్నారు. ఆ అసలు రికార్డు కొనాలంటే తనకి మూణ్నెల్ల అద్దె అవుతుందని ఆ పిల్ల అంది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇంకో సంగతి, ఆ రాత్రి ప్రతి పాట తర్వాతా మైకులో గాయకుల పేరు చెప్పింది ఆ పిల్ల ఒక్కర్తే.

కుర్రకారు మీద ఫిర్యాదులన్నీ తప్పని అనను. గ్లాసు పట్టుకుని డాన్స్ ఫ్లోర్ మీదకి రావడం నేరమే. చెక్క నేల తడిస్తే పాదం జారించడం కుదరదు, గుండ్రంగా తిరిగేవాడు వీపు విరగ్గొట్టుకుంటాడు. మొహం మీదకి ఫోన్ లైటు కొడితే నాకూ చిరాకే. పూర్వం జారడానికి నేల మీద చల్లుకున్న టాల్కం పౌడర్‌ని వీళ్లు ఫోటో కోసం దోసిళ్లకొద్దీ కుమ్మరిస్తుంటే నవ్వొస్తుంది. కానీ బ్రిస్టల్‌లో, లండన్ డెట్‌ఫర్డ్‌లో ఈ పిల్లలు సొంతంగా సోల్ నైట్‌లు పెట్టుకుని హాళ్లు నింపుతున్నారు. 2023లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ప్రామ్స్ సంగీతోత్సవంలో ఒక సాయంత్రమంతా నార్తర్న్ సోల్ వినిపించారు, పూర్తి ఆర్కెస్ట్రాతో. మా బృందంలో సగం మంది మురిసిపోయారు, సగం మంది కుర్చీలున్న చోట సోల్ ఏమిటని ఈసడించారు. నా పక్కన డాన్స్ చేసే ఒకావిడ కసీనోకి పదహారేళ్లప్పుడు వెళ్లిందట. "మమ్మల్ని చూసి ట్విస్టెడ్ వీల్ బ్యాచ్ ఇలాగే మొహం చిట్లించేవాళ్లు" అంటుంది. వీల్ వాళ్ల దృష్టిలో కసీనో కుర్రాళ్లది సర్కస్ అట.

రికార్డులు వెతికి తెచ్చినవాళ్లని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అమెరికా గోదాముల్లో దుమ్ము పీల్చుకుంటూ పెట్టెలు తిరగేసినవాళ్లు లేకపోతే ఈ పాటలు నా చెవిన పడేవే కావు. అసలు రికార్డు వాయిస్తే వచ్చే పరువు వాళ్లకి దక్కాల్సిందే. ప్రత్యేకంగా అలాంటి రాత్రులు పెట్టుకోండి, వస్తాం. అన్ని రాత్రులకీ అదే రూలు పెట్టి, దాన్ని గాయకుల మీద ప్రేమ అని మాత్రం చెప్పొద్దు. అది కలెక్టర్ల పరువుకి సంబంధించిన రూలు, అలా అని ఒప్పుకుంటే నాకే పేచీ లేదు.

ఈ మాటే మా నిర్వాహకుడికి ఈమెయిల్ రాశాను. పోస్టర్ మీద "ఒరిజినల్స్, లైసెన్స్‌డ్ రీఇష్యూలు" అని వేయమని, ఏయే పాటలు ఎవరివి వాయించారో మర్నాడు ఒక లిస్టు పెట్టమని అడిగాను. ఆలోచిస్తామన్నారు. వచ్చే నెల పోస్టర్ వచ్చింది, పాత రూలే ఉంది. ఆ అమ్మాయిని ఈలోపు పక్క ఊరి క్లబ్బు వాళ్లు పిలిచారు, అక్కడికీ వెళ్లాను. పాటలు బ్రహ్మాండం గానీ నేల సిమెంటుది, మోకాళ్లు పట్టేశాయి. చెక్క నేల కోసం ఇంకా మా పాత చోటికే వెళ్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బోల్టన్, ఇంగ్లండ్