చుట్టపుచూపు

బ్రాడీపేట,
గుంటూరు.

అమ్మలూ,

ఆదివారం నువ్వు బస్సెక్కే తొందరలో మన మాట సగంలోనే తెగిపోయింది. ఎన్.ఎస్.ఎస్. జట్టుతో పంజాబ్ వెళ్లడానికి నీ పేరు వచ్చిందని చెప్పి, ఆ నోటితోనే "నేను వెళ్లనులే అమ్మా, వారం రోజుల చుట్టపుచూపుతో దేశం కలిసిపోతుందా?" అన్నావు. మీ నాన్న నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం నాలుగు రోజులుగా ఆ మాటే మనసులో తిరుగుతోంది. ఫోనులో చెప్పబోతే ఏదో ఒకటి అడ్డం వస్తుంది. అందుకే కాగితం తీసుకున్నాను.

నీ అనుమానంలో తప్పు లేదు. 2015 అక్టోబరు 31న, పటేల్ జయంతి రోజున, రాష్ట్రాల మధ్య రాకపోకలు, పరిచయాలు పెంచాలని ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్ కార్యక్రమాన్ని ప్రకటించారు. తర్వాత రాష్ట్రాలను జతలు కలిపినప్పుడు మనకు పంజాబ్ వచ్చింది. నేను కూడా మా బడి పిల్లల చేత గోడపత్రిక మీద గురుముఖి అక్షరాలు రాయించాను, భాంగ్రా వేయించాను. ఒక్క పంజాబీ మనిషిని చూడకుండానే ఆ ఏడాది గడిచిపోయింది.

అయినా నిన్ను వెళ్లమనే అంటాను. చుట్టపుచూపుకైనా ముందు చుట్టం కావాలి కదా. ఒకరింటికి చుట్టంగా వెళ్లడమంటే ఏమిటో నాకు పద్నాలుగో ఏట తెలిసింది. ఆ సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు.

నేను నవోదయలో చదివానని తెలుసు కదా. అక్కడ తొమ్మిదో తరగతికి రాగానే నూటికి ముప్ఫై మందిని ఏడాదిపాటు వేరే ప్రాంతపు నవోదయకు పంపుతారు. ఇక్కడివాళ్లు హిందీ ప్రాంతానికి, అక్కడివాళ్లు ఇక్కడికి. మైగ్రేషన్ అంటారు దాన్ని. మా పల్నాటి ఊరి నుంచి అంత దూరం వెళ్లిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. అమ్మమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. తాతయ్య విజయవాడ స్టేషనుదాకా వచ్చి, మాష్టారికి అప్పగించి, జీటీ కదిలేవరకూ కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డారు.

ఆ ఏడాది హోలీ సెలవులకు నా పక్క మంచం అమ్మాయి తన ఊరికి తీసుకువెళ్లింది. ఊరి మధ్య నుంచి కాకుండా పొలాల గట్ల మీదుగా, ఊరికి చివర ఉన్న ఇళ్ల వైపు నడిపించింది. ముంగిట్లో తోలు నానబెట్టిన తొట్టి, పక్కన వాళ్ల నాన్న కుట్టుతున్న చెప్పులు చూడగానే నాకు అర్థమైంది. మన ఊళ్లో అలాంటి వాడలోకి నేను అడుగు పెట్టి ఎరగను. వద్దని ఎవరూ అనలేదు. వెళ్లకూడదని మాటల్లో చెప్పకుండానే తెలిసేటట్టు పెంచారు మమ్మల్ని.

వాళ్ల నానమ్మ ఇత్తడి గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. ఆ గ్లాసు చేతిలో పట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఆమె నా ఎదురుగా నిలబడి చూస్తోంది. నేను సంకోచిస్తున్నానని ఆమెకు తెలిసిపోయింది. తాగుతానా లేదా అని ఆమె ఎదురుచూస్తోందని నాకూ తెలిసిపోయింది. తాగాను. ఆమె ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, రొట్టె మీద నెయ్యి రాసి తెచ్చింది. రాత్రి తన రజాయి నాకు కప్పి తాను దుప్పటితో పడుకుంది. మూడు రోజులు వాళ్ల పొయ్యి ముందు కూర్చుని తిన్నాను. నా హిందీకి వాళ్లు విరగబడి నవ్వితే నేనూ నవ్వాను. నీ కులమేమిటని వాళ్లు నన్ను అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి సిగ్గుపడేదాన్ని.

వేసవిలో ఇంటికి వచ్చాను. మిర్చి కోతలు చివరికొచ్చాయి, కల్లంలో కూలీలు తాలుకాయలు ఏరుతున్నారు. పెరటి గోడ గూట్లో వాళ్ల కోసం విడిగా పెట్టిన గ్లాసులు ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి, నేను వాటిని చూసింది మాత్రం ఆ రోజే. అమ్మలూ, నేను నోరు తెరవలేదు. అమ్మమ్మను ఒక్క మాట అడగలేదు. మరో ఆరేళ్లకు ఎప్పుడో ఆ గ్లాసులు తీసి లోపల పెట్టాను. ఆ ఆరేళ్ల మౌనం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

అందుకే చెబుతున్నాను, అన్నం పెట్టడం కంటే తినడం కష్టం. పెట్టేవాడి చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. మన దగ్గర జరిగే చాలా కార్యక్రమాల్లో నాకు కనిపించే లోటు ఇదే. కేంద్ర ప్రభుత్వ యువజన సంస్థలు గిరిజన యువతీయువకులను నగరాలకు తీసుకువచ్చి చూపిస్తాయి. మంచిదే, వాళ్లు రైలెక్కుతారు, విశ్వవిద్యాలయాలు చూస్తారు. కానీ విజయవాడ పిల్లలు వాళ్ల గూడేనికి వెళ్లి ఒక వారం వాళ్ల ఇళ్లలో ఉన్నప్పుడు కదా అది ఇచ్చిపుచ్చుకోవడం అయ్యేది! ఒకవైపు నుంచే నడిస్తే దానికి మార్పిడి అనే పేరు నప్పదు.

పంజాబ్‌లో నిన్ను తప్పకుండా స్వర్ణ దేవాలయానికి తీసుకువెళ్తారు. అక్కడి లంగర్‌లో, అంటే ఎవరికైనా ఉచితంగా అన్నం పెట్టే వంటశాలలో, అందరూ నేల మీద వరుసగా కూర్చుని తినడాన్ని వాళ్లు పంగత్ అంటారు. మన పంక్తే అది. మన ఊళ్లలో మాత్రం పంక్తి అంటే ఎవరి వరుస వారిది. ఆ వరుసలు చెరపడానికే నాస్తికవాది గోరాగారు సహపంక్తి భోజనాలు పెట్టించారు. 1940లో ముదునూరులో మొదలైన ఆయన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడ పటమటకు మారింది. మీ హాస్టల్ నుంచి ఎంత దూరం? బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆ మనిషి, 1948లో తన పెద్ద కూతురు మనోరమకు దళిత యువకుడైన అర్జునరావుతో సేవాగ్రామ్‌లో పెళ్లి జరిపించారు. పంక్తిలో ఆగకుండా చుట్టరికం దాకా వెళ్లారు. వెళ్లేలోపు ఒక సాయంత్రం పటమటలోని ఆ ప్రాంగణం చూసి రా.

లంగర్ చూసి పంజాబ్‌లో అంతా సమానమే అనుకుని తిరిగి రాకు. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో దాదాపు 32 శాతం షెడ్యూల్డ్ కులాలవారే. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత వాటా లేదు. అయినా ఎన్నో పల్లెల్లో వాళ్ల గురుద్వారాలు వేరు, శ్మశానాలు వేరు. వరినాట్లు వేసేది ఎక్కువగా బిహార్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలు. వాళ్లు ఎక్కడ ఉంటారో, ఎక్కడ తింటారో అడుగు. తప్పు పట్టడానికి కాదు. మన గూట్లో గ్లాసులు గుర్తుంచుకుని అడుగు.

ఇంకొక మాట. ఎవరింట్లోనైనా ఉండే వీలుంటే అతిథిగృహం వద్దని చెప్పు. పోటీల్లో కంటే కలిసి చేసే పనిలో చేరు, వంటైనా సరే, పొలమైనా సరే. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో వేర్వేరు కులాల కుర్రాళ్లతో క్రికెట్ ఆడించి చేసిన అధ్యయనం ఒకటి చదివాను. ఒకే జట్టులో ఆడినవాళ్ల మధ్య కులం దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదురెదురు జట్లుగా ఆడినప్పుడు ఆ మేలు జరగలేదు. కలవడం ఒక్కటే చాలదు, ఎలా కలిశామన్నది కూడా ముఖ్యం.

ఇక నా సంగతి. జనవరి నుంచి మా బడిలో ఆదోని వైపు పిల్లలు నలుగురు చేరారు. సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, ఏటా వచ్చే కుటుంబాలు, మిర్చి కోతలయ్యాక ఏప్రిల్‌లో వెళ్లిపోతాయి. పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవాలని అక్కడ సీజనల్ హాస్టళ్లు పెడతారు. అయినా చిన్నవాళ్లను విడిచి రాలేక వెంటబెట్టుకు వస్తారు. అందులో ఐదో తరగతి పాప వాళ్ల అమ్మ మూడేళ్లుగా, వెళ్లేముందు, "మా ఊరికి రండి టీచరమ్మా, జొన్నరొట్టె చేసి పెడతాను" అంటోంది. ప్రతిసారీ చూద్దాంలే అన్నాను. ఆ పాపకు పుస్తకాలు కొన్నాను, చెప్పులు కొన్నాను. వాళ్లింటికి మాత్రం వెళ్లలేదు. నిన్ను వెళ్లమని ఉత్తరం రాస్తూ నేను ఇక్కడే కూర్చోవడం న్యాయం కాదనిపించింది. నిన్న సాయంత్రం బడి దగ్గర ఆమె కనిపిస్తే, దసరా సెలవుల్లో మా అమ్మాయితో కలిసి వస్తానని చెప్పేశాను. ఆమె నమ్మలేదు. తేదీ అడిగింది.

ఆదోనికి గుంతకల్లులో బండి మారాలట. నీ సెలవులు ఎప్పటి నుంచో కనుక్కుని చెప్పు, టికెట్లు మీ నాన్న చూస్తారు. పంజాబ్ ప్రయాణానికి పేరు ఇవ్వడానికి శుక్రవారమే గడువన్నావు, మరచిపోకు. పంజాబ్‌లో ఎవరింటికీ వట్టి చేతులతో వెళ్లకూడదు. గోంగూర పచ్చడి కారం తగ్గించి పెడతాను, ఈ ఆదివారం వచ్చి సీసా తీసుకువెళ్లు.

మీ అమ్మ