పాత పికప్‌కి కొర్వెట్ సస్పెన్షన్ అంటే బోల్టులు బిగించడం కాదు

ఎడిటర్ గారికి,

మీ ఆటో పేజీలో పాత షెవర్లే పికప్ కింద సి4 కొర్వెట్ (షెవర్లే వాళ్ళదే స్పోర్ట్స్ కారు, నాలుగో తరం) ఫ్రంట్ సస్పెన్షన్ పెట్టడం గురించి రాశారు, బాగుంది గానీ అదేదో వారాంతంలో అయిపోయే పనిలా చెప్పేశారండీ. 1950ల ఆ బండ్లకి ముందు ఉండేది లీఫ్ స్ప్రింగుల మీద కూర్చున్న ఒకే ఇనుప యాక్సిల్, ఒక చక్రం గుంటలో పడితే రెండోదీ కదులుతుంది, అందుకే 1984-96 కొర్వెట్‌లో విడివిడిగా కదిలే అల్యూమినియం ఆర్మ్స్ (చక్రాన్ని ఫ్రేమ్‌కి కలిపే చేతులు), ర్యాక్ స్టీరింగ్ (పళ్ళ కడ్డీతో చక్రాల్ని తిప్పేది) మీద జనానికి అంత మోజు.

అసలు తంటా కొలతల్లోనే. బండి రైడ్ హైట్‌లో, అంటే మామూలుగా నడిచే ఎత్తులో, నిలబడ్డప్పుడు ఆర్మ్స్ ఏ కోణంలో ఉండాలో ముందు తేల్చుకుని, దాన్నిబట్టే క్రాస్‌మెంబర్ (ఫ్రేమ్ రెండు పక్కల్నీ కలిపే అడ్డ దూలం) వెల్డింగ్ చెయ్యాలి. ర్యాక్ కాస్త పైకో కిందికో జరిగిందా, స్పీడ్‌బ్రేకర్ ఎక్కినప్పుడల్లా స్టీరింగ్ తిప్పకపోయినా చక్రాలు పక్కకి తిరుగుతాయి, దీన్నే బంప్ స్టీర్ అంటారు. పాత ఫ్రేమ్ సి ఆకారంలో ఒకవైపు తెరిచి ఉంటుంది కాబట్టి అక్కడ ప్లేట్లు వేసి మూసెయ్యాలి కూడా. కొర్వెట్ ఫైబర్ స్ప్రింగ్ తీసేసి కాయిలోవర్లు (షాక్ అబ్జార్బర్ చుట్టూ కాయిల్ స్ప్రింగ్ ఉండేవి) వేసేవాళ్ళూ చాలామందే, నా ఓటు కూడా వాటికే, ఎత్తు సరిచేసుకోవడం తేలిక.

ఈసారి రంగు మెరిసే ఫొటోలు తగ్గించి ఆ వెల్డింగుల ఫొటో ఒకటి వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు